ఇంటర్ అయ్యాక, ఇల్లు వదిలే లోపు: ఈ వేసవిలో ఏది ఎప్పుడు చేయాలి

ఇంటర్ సెకండియర్ చివరి పరీక్ష రాసి బయటికొచ్చిన రోజు నుంచి కాలేజీ హాస్టల్ గదిలో పెట్టె దించే రోజు దాకా దాదాపు నాలుగు నెలలు. పేరుకి సెలవులే. కానీ ఎంట్రన్సులు, ఫలితాలు, కౌన్సెలింగ్, సర్టిఫికెట్ల కోసం తిరగడం, పెళ్ళిళ్ళు, అమ్మమ్మగారి ఊరు, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడేది ఈ నాలుగు నెలల్లోనే.

నేను 2016లో నరసరావుపేట నుంచి రూర్కెలా ఎన్ఐటీకి వెళ్ళాను. 2023లో మా తమ్ముడు కర్ణాటకలోని సూరత్కల్ ఎన్ఐటీకి వెళ్ళాడు. ఇద్దరం ఇంటర్ రెండేళ్ళూ రెసిడెన్షియల్ కాలేజీల్లో చదివినవాళ్ళమే. అందుకే చుట్టాలందరూ "వీళ్ళకి హాస్టల్ అలవాటేగా, ఇంక భయమేముంది" అన్నారు. ఆ లెక్క తప్పని నాకు రూర్కెలా వెళ్ళిన మొదటి వారంలోనే తెలిసింది. ఇంటర్ హాస్టల్లో తెల్లవారుజామున గంట కొడితే లేచాం, గంట కొడితే తిన్నాం, గంట కొడితే పుస్తకం మూశాం. బట్టలు మూట కట్టి ఇస్తే ఉతికి ఇచ్చారు. ఫోన్ లేదు, చేతిలో డబ్బు లేదు, గేటు దాటే పని లేదు. ఇంజినీరింగ్ హాస్టల్లో లేపేవాళ్ళు ఉండరు. తినకపోతే అడిగేవాళ్ళూ ఉండరు. రెండేళ్ళు ఇంటికి దూరంగా ఉన్నా, సొంతంగా బతకడం మనకెవరూ నేర్పలేదు.

అందుకని ఈ వేసవికి నేను చెప్పేది ఒక్కటే. రేపు అక్కడ ఒంటరిగా చేయాల్సిన ప్రతి పనీ ఇక్కడ, అమ్మానాన్నలు పక్కగదిలో ఉండగానే, ఒక్కసారైనా నీ చేత్తో నువ్వు చేసి చూసుకో. తమ్ముడి విషయంలో మేం అలాగే చేశాం. అదే వరుసలో రాస్తున్నాను.

1. ముందు నిద్ర, ఆ తర్వాత క్యాలెండర్

చివరి పరీక్ష అయ్యాక మూడు నాలుగు రోజులు పడుకో. అమ్మానాన్నలకూ నా మనవి ఇదే: రెండేళ్ళు నిద్ర కరువైన పిల్లలు, ఆ కాసిన్ని రోజులు లేపకండి.

తర్వాత గోడకున్న తెలుగు క్యాలెండర్ దించి ఎర్ర పెన్నుతో తేదీలు రాయి. ఫోన్‌లో పెట్టుకుంటే నీకొక్కడికే తెలుస్తుంది, గోడ మీద రాస్తే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. 2025లో ఎలా నడిచిందో చెప్తాను, వరుస అర్థమవుతుంది. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 12న, తెలంగాణవి ఏప్రిల్ 22న వచ్చాయి. తెలంగాణ ఎప్‌సెట్ ఇంజినీరింగ్ పరీక్షలు మే 2 నుంచి 4 వరకు, నీట్ మే 4న, జేఈఈ అడ్వాన్స్‌డ్ మే 18న, ఏపీ ఈఏపీసెట్ ఇంజినీరింగ్ మే 21 నుంచి 27 వరకు జరిగాయి. ఐఐటీ, ఎన్ఐటీ సీట్ల జోసా కౌన్సెలింగ్ జూన్ 3న మొదలై జులై మధ్య దాకా సాగింది. ఏటా తేదీలు కాస్త ముందు వెనకలవుతాయి కానీ వరుస ఇంచుమించు ఇదే.

ఇది రాశాక ఖాళీ రోజులు ఎన్నో కనిపిస్తాయి. నువ్వనుకున్నంత ఎక్కువ ఉండవు. అమ్మమ్మగారి ఊరు వెళ్ళే రోజులు కూడా అందులోనే రాసెయ్యి. రాయకపోతే ఆ ప్రయాణమే ముందు పోతుంది.

2. ఫైలు: ఈ వేసవిలో అన్నిటికంటే పెద్ద పని

దీనికి ఎక్కువ చోటిస్తున్నాను, ఎందుకంటే మంచి ర్యాంకు వచ్చిన పిల్లలు కూడా ఇక్కడ ఏడవడం చూశాను.

ముందు పేరు సంగతి. పదో తరగతి మెమో తెచ్చి బల్ల మీద పెట్టు. దాని పక్కన ఆధార్, ఇంటర్ మెమో, బ్యాంకు పాస్‌బుక్, కుల ధ్రువీకరణ పత్రం పెట్టు. అన్నిటిలో నీ పేరు అక్షరం అక్షరం చూడు. మన తెలుగువాళ్ళకి ఇంటిపేరు ముందుంటుంది. ఒక దానిలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంకో దానిలో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది, మరో దానిలో ఇంటిపేరు చివరికి పోతుంది. అమ్మ పేరు ఒకచోట పుట్టింటి పేరుతో, ఇంకోచోట అత్తింటి పేరుతో ఉంటుంది. ఇకపై ఏ ఫారం నింపినా పదో తరగతి మెమోలో ఎలా ఉందో అలాగే రాయి. ఆధార్‌లో తేడా ఉంటే ఏప్రిల్‌లోనే సరిచేయించు. జూన్‌లో అందరూ అక్కడే ఉంటారు. పదిహేనేళ్ళు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు, కంటిపాప మళ్ళీ ఇవ్వడం తప్పనిసరి. చాలామంది పిల్లలు హాస్టల్లో ఉండి అది చేయించుకోరు. ఆధార్‌లో ఐదేళ్ళప్పటి ఫొటో ఉందంటే ఆ పని మిగిలిపోయినట్టే.

ఇక సేకరించాల్సినవి: పదో తరగతి మెమో, ఇంటర్ మార్కుల మెమో, టీసీ, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, ఆధార్, ఎంట్రన్స్ హాల్ టికెట్లు, ర్యాంకు కార్డులు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు కనీసం ఇరవై. వేరే రాష్ట్రం వెళ్తుంటే ఇంటర్ బోర్డు నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. చేరేటప్పుడు డాక్టర్ ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కూడా కావాలి.

స్టడీ సర్టిఫికెట్లు అన్నేళ్ళవి ఎందుకని తమ్ముడు విసుక్కున్నాడు. కారణం ఉంది. మన రాష్ట్రాల్లో రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద స్థానికులకు 85 శాతం సీట్లు ఉంటాయి. నువ్వు స్థానికుడివో కాదో తేలేది ఎక్కడ పుట్టావన్న దాన్ని బట్టి కాదు, ఎక్కడ చదివావన్న దాన్ని బట్టి. ఇంటర్‌తో కలిపి వరుసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివావన్నది ముందు చూస్తారు. పదో తరగతి ఒక రాష్ట్రంలో, ఇంటర్ ఇంకో రాష్ట్రంలో చదివినవాళ్ళకి ఇది చాలా ముఖ్యం. ఆరో తరగతి చదివిన బడి ఊళ్ళో ఉంటే సెలవులు ఇచ్చేలోపే వెళ్ళు. ఏప్రిల్ ఆఖరుకి బడులకు తాళం పడుతుంది. ఆ తర్వాత హెడ్మాస్టర్ గారి సంతకం కోసం జూన్ దాకా ఆగాలి.

ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ పిల్లలు ఈ పేరా రెండుసార్లు చదవండి. రాష్ట్ర కౌన్సెలింగ్‌కి ఇచ్చే బీసీ సర్టిఫికెట్ వేరు, జోసాకి ఇచ్చే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ వేరు. రెండోది కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉండాలి, ఆ ఏడాది ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ ఇచ్చినదై ఉండాలి. ఈడబ్ల్యూఎస్‌కీ అదే తేదీ. రాష్ట్రంలో బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు, అది ముందే చూసుకోవాలి. మా తమ్ముడు అంతకు ముందు సంవత్సరం తీసుకున్న సర్టిఫికెట్ అప్‌లోడ్ చేశాడు. నమూనా సరిగ్గానే ఉంది, తేదీ పాతది. సీటు వచ్చాక పత్రాలు చూసినవాళ్ళు ప్రశ్న పంపారు. గడువులోగా జవాబు ఇవ్వకపోతే సీటు పోతుంది. ఆ రెండు రోజులు మా ఇంట్లో ఎవరం సరిగ్గా అన్నం తినలేదు. నాన్న పనులన్నీ మానుకుని తిరిగి కొత్తది తెచ్చారు, గడువు ఉండగానే సరిపోయింది. ఏప్రిల్ 1 దాటగానే గ్రామ, వార్డు సచివాలయంలోనో మీసేవలోనో దరఖాస్తు పెట్టి ఉంటే ఆ టెన్షన్ ఉండేదే కాదు.

అన్నీ చేరాక ఒక్కోటి ఐదేసి జిరాక్స్‌లు తీయించు. టీసీ ఒరిజినల్ కాలేజీకి ఇచ్చేస్తాం కాబట్టి దానివి పది తీయించు. అన్నీ స్కాన్ చేసి నీ మెయిల్‌లో, నాన్న ఫోన్‌లో, డిజిలాకర్‌లో దొరికేవి అక్కడా ఉంచు. ఒరిజినల్స్‌కి లామినేషన్ చేయించకు, వెనక ముద్ర వేయాల్సి వస్తే కష్టం. జిప్ ఉన్న ప్లాస్టిక్ ఫోల్డర్ చాలు.

3. ఆప్షన్లు నీ చేత్తో నువ్వే పెట్టు

ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఎవరో పెట్టిన ఆప్షన్లతో నాలుగేళ్ళు చదవాల్సింది నువ్వు. ముందు కాగితం మీద రాసుకో. ఏ సీటు వస్తుందో అని లెక్కలేసి వరుస పెట్టకు, నీకు ఏది ఎక్కువ ఇష్టమో ఆ వరుసలో పెట్టు. పై ఆప్షన్ రాకపోతే కిందది చూస్తారు, అంతే. పైన పెద్దవి పెట్టినందువల్ల కిందవి పోవు. గత ఏడాది కటాఫ్‌లు చూసి చివర్లో తప్పకుండా వచ్చేవి కొన్ని ఉంచుకో. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్ళకి ఉంటాయి. తెలంగాణ పిల్లలకి వరంగల్, ఆంధ్ర పిల్లలకి తాడేపల్లిగూడెం కటాఫ్ అందుకే విడిగా చూడాలి.

సీటు వచ్చాక జోసాలో మూడు మాటలు కనిపిస్తాయి. ఫ్రీజ్ అంటే ఈ సీటు చాలు, ఇక మార్చొద్దు అని. ఫ్లోట్ అంటే ఇది ఉంచండి, నా వరుసలో దీనికంటే పైనున్నది ఏ కాలేజీలో వచ్చినా మార్చండి అని. స్లైడ్ అంటే కాలేజీ ఇదే, ఇందులోనే పై బ్రాంచి వస్తే మార్చండి అని. పై సీటు వస్తే కింది సీటు దానంతట అదే పోతుంది, మళ్ళీ అడిగినా రాదు. అందుకే నీకు నిజంగా అక్కర్లేనిది పై వరుసలో పెట్టకు.

ఈ రోజుల్లోనే ఫోన్లు వస్తాయి. "మేనేజ్‌మెంట్ సీటు ఉంది, ఇవాళ సాయంత్రంలోగా అడ్వాన్స్ వేయండి" అంటారు. కాలేజీ ఆఫీసుకి నేరుగా వెళ్ళి రసీదు తీసుకోకుండా ఎవరికీ పైసా వేయొద్దని నాన్నకి నువ్వే చెప్పు.

4. డబ్బు: ఒక నెల ముందే నీ చేతికి తీసుకో

అకౌంట్ నీ పేరు మీద ఉందా, మైనర్ అకౌంటా చూడు. పద్దెనిమిది నిండితే బ్యాంకుకెళ్ళి నీ సంతకంతో కేవైసీ మళ్ళీ చేయించాలి. ఈ పనికి నాన్న పక్కన కూర్చోవాలి, మాట్లాడేది మాత్రం నువ్వే. కౌంటర్ దగ్గర నోరు తెరిచి అడగడం మన పిల్లలకి అలవాటు లేదు. నాకూ ఉండేది కాదు.

విద్యారుణం కావాలంటే సీటు ఖాయమైన రోజే విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టు. అడ్మిషన్ లెటర్, ఫీజు వివరాలు, అమ్మానాన్నల ఆదాయ పత్రాలు సిద్ధంగా ఉంచుకో. ఫీజు రీయింబర్స్‌మెంట్, స్కాలర్‌షిప్‌ల గడువులు కూడా గోడ క్యాలెండర్లో ఎక్కించు.

మే నెలలో ఒక ప్రయోగం చేయి. హాస్టల్‌కి వెళ్ళాక నెలకి ఎంత పంపుతారో అమ్మానాన్నలతో కూర్చుని తేల్చుకో. అందులో మెస్ బిల్లు తీసేయగా మిగిలేది ఎంతో ఆ మొత్తం మే ఒకటో తారీఖున నీ అకౌంట్లో వేయించుకో. ఆ నెల నీ రీఛార్జ్, కటింగ్, బస్సు చార్జీలు, స్నేహితులతో బిర్యానీ, జిరాక్స్‌లు అన్నీ అందులోంచే. అయిపోతే అయిపోయినట్టే. మా తమ్ముడికి మే 17కల్లా అయిపోయింది. మిగతా పద్నాలుగు రోజులు ఎలా గడిపాడో వాడికి ఇప్పటికీ గుర్తే. సూరత్కల్ వెళ్ళాక మాత్రం ఏ నెలా మధ్యలో ఫోన్ చేసి డబ్బు అడగలేదు.

యూపీఐ వాడేవాళ్ళందరూ గుర్తుపెట్టుకోవాల్సింది: డబ్బు రావడానికి పిన్ నొక్కాల్సిన పని ఎప్పుడూ ఉండదు. ఎవరైనా "నీ అకౌంట్ కొన్నాళ్ళు వాడుకుంటాం, కమిషన్ ఇస్తాం" అంటే ఆ మనిషి సీనియర్ అయినా సరే కుదరదని చెప్పు. ఆ అకౌంట్‌లో దొంగ సొమ్ము తిరిగితే పోలీసులు వచ్చేది నీ దగ్గరికే. మోసపోతే ఆ నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి.

5. ఇంట్లోనే ఒక వారం హాస్టల్

జూన్‌లో ఒక వారం ఎంచుకో. ఆ ఏడు రోజులు అమ్మ నీ పనేదీ చేయకూడదని ముందే మాట తీసుకో. లేపకూడదు, కంచంలో వడ్డించకూడదు, బట్టలు తీయకూడదు. అమ్మకి ఇది నీకంటే కష్టం. మా అమ్మ రెండో రోజే తమ్ముడి చొక్కా తెలియకుండా ఇస్త్రీ చేసి పెట్టింది.

బట్టలతో మొదలుపెట్టు. హాస్టల్లో మెషీన్ ఉన్నా వరుస దొరకదు, బకెట్టే దిక్కు. తెల్లవి, రంగువి విడదీయి. కొత్త ఎర్ర చొక్కా, కొత్త జీన్స్ మొదటి రెండు ఉతుకులూ విడిగా. అరగంట సర్ఫ్ నీళ్ళలో నానబెట్టు, రాత్రంతా వదిలేస్తే వాసన పట్టేస్తాయి. కాలర్, చేతుల అంచులు, చంకల దగ్గర బ్రష్‌తో రుద్ది, నురగ పోయేదాకా జాడించు. తిరగేసి ఆరెయ్యి. గుండీ కుట్టుకోవడం, ప్యాంటు మడత విప్పి కుట్టుకోవడం అమ్మమ్మ దగ్గర నేర్చుకో.

వంట. చాలా హాస్టళ్ళలో గదిలో వండుకోనివ్వరు, ఆ నిబంధన మీరమని నేను చెప్పను. కానీ మూడో ఏడు బయట గది తీసుకుంటావు, ఇంటర్న్‌షిప్‌కి ఇంకో ఊరు వెళ్తావు. ఐదు వంటలు చాలు: అన్నం, టమాటా పప్పు, చారు, కోడిగుడ్డు కూర, ఉప్మా. సోనామసూరి బియ్యం గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్ళు, రెండుసార్లు కడిగి పావుగంట నానబెట్టి కుక్కర్లో మూడు కూతలు. ఆవిరి దానంతట అది పోయేదాకా మూత తీయకు. ఒకసారి అన్నం మాడినా, చారులో ఉప్పెక్కువైనా ఫరవాలేదు, తినేది ఇంట్లోవాళ్ళే. పప్పుకి తాలింపు వేసేటప్పుడు ఆవాలు చిటపటలాడాకే జీలకర్ర, ఎండుమిర్చి, ఆఖరున కరివేపాకు వేయి. తడి కరివేపాకు నూనెలో పడితే చిందుతుంది, ఒక అడుగు వెనక్కి నిలబడు.

ఈ వేసవి ఆవకాయ పెట్టే రోజు ఇంట్లో ఉండి చేయి కలుపు. కాయ తడి లేకుండా తుడవడం, టెంకతో సహా ముక్కలు కొట్టించడం, లోపలి జీడి, పొర తీసేయడం, ఆవపిండి, కారం, ఉప్పు మీ ఇంటి కొలతలో కలపడం, మూడో రోజు తిరగకలపడం, ఇవన్నీ ఆ కొన్ని రోజుల్లోనే చూడగలవు. అమ్మ కొలత గిన్నెతో చెప్తుంది, ఆ గిన్నెతో సహా రాసుకో. తర్వాత నీళ్ళూరే రోజుల్లో ఆ కాగితం చాలా విలువైనది.

హాస్టల్‌కి తీసుకెళ్ళే డబ్బా సంగతి కూడా చెప్పాలి. కొత్త ఆవకాయ బాగా ఊరి నూనె పైకి తేలాకే సర్దాలి. వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, పైన రెండు వేళ్ళ ఖాళీ వదిలి నింపాలి. మూతి మీద పాలిథిన్ కాగితం పరిచి రబ్బరు బ్యాండు వేసి, ఆపైన మూత బిగించి, మూత చుట్టూ టేపు అంటించాలి. దాన్ని రెండు కవర్లలో పెట్టి, పాత తువ్వాలు చుట్టి, విడి సంచిలో నిలువుగా ఉంచి తీసుకెళ్ళాలి. బట్టల పెట్టెలో మాత్రం పెట్టొద్దు. విమానంలో వెళ్తుంటే చేతి సంచిలో రానివ్వరు, చెక్-ఇన్ సామానులో వేయాలి. కందిపొడి, కరివేపాకు పొడి అయితే కారేది లేదు, మెస్‌లో పప్పు బాగోని రోజున అన్నంలో కలుపుకుంటే పూట గడిచిపోతుంది.

6. ఒంటరిగా ఒక ప్రయాణం

కాలేజీకి మొదటిసారి అమ్మానాన్నలు వస్తారు. దసరాకి ఇంటికి రావాల్సింది మాత్రం నువ్వొక్కడివే. కాబట్టి ఈ వేసవిలో ఒక రాత్రి ప్రయాణం ఒంటరిగా చేయి, పిన్నిగారి ఊరో మేనమామ ఇల్లో చాలు. టికెట్ నువ్వే బుక్ చేసుకో. ఐఆర్‌సీటీసీ అకౌంట్ తెరిచి ఆధార్ జతచేసుకో. రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది. తత్కాల్ ముందు రోజు ఏసీకి ఉదయం 10కి, స్లీపర్‌కి 11కి తెరుస్తారు. ఆర్ఏసీ అంటే ఎక్కొచ్చు, కూర్చునే చోటు ఖాయం. ఆన్‌లైన్‌లో తీసుకున్న వెయిటింగ్ లిస్ట్ టికెట్ చార్ట్ తయారయ్యేదాకా ఖరారు కాకపోతే దానంతట అదే రద్దవుతుంది, దానితో రైలెక్కకూడదు. రైల్లో ఏ ఇబ్బంది వచ్చినా 139కి ఫోన్ చేయి.

నేను రూర్కెలాకి విజయవాడలో బొకారో ఎక్స్‌ప్రెస్ ఎక్కేదాన్ని, ఇంచుమించు రోజంతా ప్రయాణం. రాయగడ దాటాక చుట్టూ తెలుగు వినపడడం తగ్గిపోతుంది. మొదటిసారి ఆ రాత్రి పై బెర్త్ మీద ఫైలు తలకింద పెట్టుకుని మేలుకునే ఉన్నాను. ఆ ఫైలు సంచి గొలుసుతో బెర్త్‌కి కట్టుకోవచ్చని ఎవరైనా చెప్పి ఉంటే నిద్రపోయేదాన్ని. గొలుసు, తాళం స్టేషన్ బయట దొరుకుతాయి, కొనుక్కో.

ఉత్తరాదికి వెళ్ళేవాళ్ళు హిందీలో దారి అడగడం, ధర అడగడం, ఒంట్లో బాగోలేదని చెప్పడం వరకైనా నేర్చుకోండి. వ్యాకరణం తప్పినా ఫరవాలేదు, నోరు తెరవాలి.

7. ఒళ్ళు

వెళ్ళేముందు పళ్ళు, కళ్ళు చూపించుకో. రక్తం గ్రూపు తెలుసుకుని ఫైల్లో, ఫోన్‌లో రాసుకో. పదహారేళ్ళప్పుడు ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా వేయించాల్సిన టీడీ టీకా పడిందో లేదో అమ్మనడుగు. టైఫాయిడ్, హెపటైటిస్ టీకాల సంగతి డాక్టర్‌తో మాట్లాడు. హాస్టల్ పిల్లలు మొదటి ఏడు ఎక్కువగా పడుకునేది నీళ్ళ వల్ల వచ్చే జబ్బులతోనే.

మందుల డబ్బాలో ఏది దేనికో కాగితం మీద రాసి పెట్టు. పారాసెటమాల్‌కి, పారాసెటమాల్‌కి మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు. పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకేసారి లీటర్ నీళ్ళలో కలపాలి, సగం సగం కాదు. జ్వరం మూడో రోజుకీ తగ్గకపోతే గదిలో పడుకోకుండా కాలేజీ డాక్టర్ దగ్గరికి వెళ్ళు. మిత్రుల మాట విని యాంటీబయాటిక్ మింగకు. ఆడపిల్లలు నెలసరికి కావాల్సినవి రెండు నెలలకి సరిపడా తీసుకెళ్ళండి, కొత్త ఊళ్ళో మందుల షాపు ఎక్కడో తెలిసేదాకా అవసరం.

మనసుకి బాగోకపోవడం కూడా ఒంట్లో బాగోకపోవడమే. మన పిల్లలకి ర్యాంకులు, మార్కుల భయం చిన్నప్పటి నుంచి ఉంది, కొత్త చోట అది ఇంకా పెరుగుతుంది. 14416 టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఏ వేళైనా ఉచితంగా మాట్లాడొచ్చు, తెలుగులోనూ. ఆ నంబర్ ఈ రోజే సేవ్ చేసుకో.

8. మనుషులు

తాతయ్య, అమ్మమ్మ, నానమ్మ ఉన్నవాళ్ళు కనీసం నాలుగు రోజులు వాళ్ళ దగ్గర ఉండండి. ఫోన్ పక్కన పెట్టి వాళ్ళ పెళ్ళి గురించో, వాళ్ళు చదువు మానేసిన ఏడు గురించో అడుగు. ఫోన్‌లో రికార్డ్ చేయి. నేను రెండో సంవత్సరంలో ఉండగా మా తాతయ్య పోయారు. ఆయన గొంతు నా దగ్గర లేదు. ఆ వేసవి నాలుగు రోజులు ఉందామనుకుని రెండో రోజే తిరిగొచ్చేశాను, కోచింగ్ స్నేహితుల ట్రిప్ ఉందని.

అమ్మానాన్నలతో ఫోన్ ఒప్పందం ఇక్కడుండగానే చేసుకో. రోజుకి ఒకసారి, రాత్రి ఫలానా వేళ. ఎత్తకపోతే అరగంటలో మెసేజ్. ఇరవై మిస్డ్ కాల్స్ చేయకుండా ఉండడం వాళ్ళ బాధ్యత, మెసేజ్ పెట్టడం నీ బాధ్యత. అమ్మకి వీడియో కాల్, నీకు డబ్బు పంపడం నేర్పించు. మా ఇంట్లో కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్ తమ్ముడే చేసేవాడు. వాడు వెళ్ళేముందు ఒక నోట్‌బుక్‌లో ఒక్కో పనికి ఏది నొక్కాలో వరసగా రాసి ఇచ్చాడు. అమ్మ ఇప్పటికీ అది చూసే గ్యాస్ బుక్ చేస్తుంది.

ఇంటర్ స్నేహితుల్లో ఎంట్రన్స్ సరిగా రానివాళ్ళు, మళ్ళీ రాయడానికి లాంగ్ టర్మ్ కోచింగ్‌కి వెళ్ళేవాళ్ళు ఉంటారు. సీటు వచ్చిన సంతోషంలో వాళ్ళని మర్చిపోకు. ర్యాంకు సంగతి ఎత్తకుండా ఒక సాయంత్రం కలిసి క్రికెట్ ఆడితే చాలు. పదిహేడేళ్ళు నిండినవాళ్ళు ఓటర్ కార్డుకి ముందస్తుగా ఫారం 6 పెట్టొచ్చు, ఊళ్ళో ఉండగానే అదీ పూర్తిచేయండి.

9. సామాను

ఇది అందరూ ముందు మొదలుపెడతారు, నేను చివర పెట్టాను. పరుపు, బకెట్, మగ్గు, హ్యాంగర్లు అక్కడే కొనుక్కో. ఇక్కడి నుంచి తీసుకెళ్ళాల్సినవి: రెండు మంచి తాళాలు (ఒక్కో తాళంచెవి అమ్మ దగ్గర), దోమతెర, నైలాన్ తాడు, దుప్పట్లు రెండు, స్టీలు కంచం, గ్లాసు, చెప్పులు రెండు జతలు, ఎక్స్‌టెన్షన్ బాక్స్, ఒక జత కాస్త మంచి బట్టలు. ఊరిని బట్టి మిగతావి. రూర్కెలాలో డిసెంబర్‌కి రగ్గు లేకుండా నిద్ర పట్టదు. సూరత్కల్‌లో జూన్ నుంచి వాన ఆగదు, తమ్ముడి జీన్స్ మూడు రోజులకి కూడా ఆరేవి కావు, అక్కడికి త్వరగా ఆరే ప్యాంట్లు, గట్టి గొడుగు కావాలి. ల్యాప్‌టాప్ మొదటి నెలలోనే కొనక్కర్లేదు. బ్రాంచికి ఏది కావాలో సీనియర్లనడిగి కొంటే డబ్బు మిగులుతుంది.

10. మొదటి వారం

చేరేముందు ర్యాగింగ్ చేయనని ఆన్‌లైన్‌లో హామీ పత్రం నువ్వూ, మీ నాన్నగారూ నింపాలి. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం అది ప్రతి విద్యార్థికీ ఉంటుంది. నింపేటప్పుడు పూర్తిగా చదువు. నీకు ఏ రక్షణ ఉందో కూడా అందులోనే తెలుస్తుంది. ఎవరైనా ఇబ్బంది పెడితే 1800-180-5522, రాత్రీ పగలూ పనిచేస్తుంది. సీనియర్‌ని పేరు పెట్టి పలకరించి సాయం అడగడం వేరు, భయపడి లొంగడం వేరు. మంచి సీనియర్లే ఎక్కువమంది ఉంటారు, నాకు మొదటి నెలంతా లైబ్రరీ దారి చూపించింది ఒక శ్రీకాకుళం అక్క.

అమ్మానాన్నలు తిరుగు రైలెక్కే రోజు స్టేషన్‌కి వెళ్ళు. వెళ్ళేముందు వాళ్ళకి నీ గది, నీ మంచం, మెస్ చూపించు. రేపటి నుంచి నువ్వు ఎక్కడ పడుకుంటావో, ఎక్కడ తింటావో కళ్ళతో చూసి వెళ్తే అమ్మకి నిద్ర పడుతుంది. తిరిగొచ్చాక గదిలో ఒక్కడివే కూర్చోకు. పక్కగది తలుపు కొట్టి పేరు, ఊరు అడుగు. వాడి అమ్మానాన్నలూ ఆ రోజే వెళ్ళి ఉంటారు. కందిపొడి డబ్బా తెరిచి ఉంటే ఇంకా మంచిది.

రాత్రి ఒప్పుకున్న వేళకి ఫోన్ చేయి. అమ్మ మొదట అడిగేది "తిన్నావా" అనే. ఊ అని ఊరుకోకుండా ఏమేం తిన్నావో పేర్లతో సహా చెప్పు.